పాలకూర నుంచి మెథోట్రెక్సేట్ దాకా

(ఒక పట్టణ గ్రంథాలయంలో జరిగిన సాయంత్రపు సభలో జీవరసాయన శాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం "ఆకుకూరలు – కాన్సర్ నివారణ". ఆకుకూర తింటే కాన్సర్ రాదు, వచ్చినా చస్తుంది అంటూ ఫోన్లలో తిరిగే సందేశాలు మీరంతా చూసే ఉంటారు. వాటిని తిట్టడం మొదలుపెడితే గంట చాలదు, అందుకని ఆ పని పెట్టుకోను. (నవ్వులు) నేరుగా పాలకూర దగ్గరికి పోదాం.

1941లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అని ముగ్గురు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర తెప్పించారు. వంటకి కాదండోయ్. కొన్ని రకాల బ్యాక్టీరియా పెరగాలంటే ఆకులో ఉండే ఏదో ఒక పదార్థం కావాలి, అదేమిటో తేల్చాలని. అంత కూరనీ నూరి, వడగట్టి, ఒక్కొక్కటే వేరుచేసుకుంటూ పోతే ఆఖరికి మిగిలింది చాలా కొంచెం. దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకి ఐరన్ మాత్రతో కలిపి ఇస్తారే, అదే.

దీనికి ఇంకో కొస బొంబాయిలో ఉంది. అంతకు పదేళ్ళ ముందే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులని చూశారు. రక్తహీనత, అది కూడా ప్రాణం మీదికి తెచ్చే రకం. ఈస్టు సారం పెడితే కోలుకున్నారు. ఈస్టులో ఉన్నదేమిటో అప్పటికి తెలీదు. 1931లో ఆవిడ ఆ సంగతి అచ్చువేశారు. పాలకూరలో దొరికిందీ, ఈస్టులో పనిచేసిందీ ఒకటేనని తరవాత తేలింది.

ఇప్పుడు మనవాడి దగ్గరికి వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు సంగ్రహణితో పోయారు, ఆయనకీ అదే జబ్బు వచ్చి తప్పింది. ఆ జబ్బులో పేగు తిన్నదాన్ని పీల్చుకోదు, ఒంట్లో ఫోలేట్, అంటే ఈ ఫోలిక్ ఆమ్లం జాతి విటమిన్, నిండుకుంటుంది. మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డుకి వెళ్ళి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇక టన్నుల లెక్కన పాలకూర నూరే పని తప్పింది.

సరే, కాన్సర్ ఎక్కడ వచ్చింది ఇందులోకి? ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్తాను, ఇవాళ్టి మాటల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. రక్త కాన్సర్ వచ్చిన చిన్నపిల్లలు ఆ రోజుల్లో వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో పోయేవాళ్ళు. ఫోలిక్ ఆమ్లం రక్తహీనతని బాగుచేస్తోంది కదా, ఈ పిల్లల రక్తాన్నీ బాగుచేస్తుందేమోనని ఆ జాతి మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. ఆకుకూరలో దొరికే విటమినే, కాన్సర్ కణానికి మేతగా పనికొచ్చింది.

ఎందుకని? కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏ అంతటికీ నకలు రాసుకోవాలి. ఆ నకలుకి కావలసిన ముడిసరుకు తయారీలో ఫోలేట్ తప్పనిసరి. ఎముక మూలుగలో రక్తకణాలు నిత్యం పుడుతుంటాయి, కడుపులో బిడ్డ పెరుగుతుంటుంది, వాటికి ఫోలేట్ ఎక్కువ కావాలి. కాన్సర్ కణం కూడా ఆగకుండా విభజన చెందేదే. ఇది మంచి కణం, ఇది చెడ్డ కణం అని విటమినుకి తెలీదు కదా!

ఫార్బర్ ఆ చేదు ఫలితాన్ని తిప్పి చూశారు. మేత వేస్తే పెరిగింది, మేత ఆపితే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లానికి అచ్చు కవలలా ఉండి, పని మాత్రం చేయని పదార్థాలు తయారుచేసింది. అందులో ఒకటి అమినోటెరిన్. కణంలో ఫోలేట్‌ని పనికి సిద్ధం చేసే ఎంజైము ఒకటుంది. ఈ నకిలీ సరుకు వెళ్ళి దాన్ని పట్టుకుని వదలదు. పెళ్ళి బంతిలో ఆకు ముందు కూర్చుని, తాను తినక, లేవక, వెనక నిలబడ్డవాళ్ళకి చోటివ్వని చుట్టం ఉంటాడే, అలాగన్నమాట. (నవ్వులు) అసలు ఫోలేట్‌కి చోటు దొరకదు, డీఎన్ఏ నకలు ఆగిపోతుంది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. జబ్బు బాగా ముదిరిన పదహారు మంది పిల్లలకి మందిస్తే పది మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది. అయినా మందుతో పిల్లల రక్త కాన్సర్ వెనక్కి తగ్గడం అనేది ఒకటుందని లోకానికి మొదటిసారి అప్పుడే తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

అమినోటెరిన్‌కి తమ్ముడు మెథోట్రెక్సేట్. అదీ ఆ ప్రయోగశాలదే. 1956లో అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఆ మందుతో గర్భానికి సంబంధించిన ఒక రకం గడ్డ కాన్సర్‌ని పూర్తిగా నయం చేయగలిగారు. ఇవాళ మన ఊళ్ళోని మందుల షాపులో కూడా ఆ మాత్ర దొరుకుతుంది. మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో ఎక్కించినప్పుడు మంచి కణాలు కూడా చచ్చిపోకుండా ఫోలేట్ జాతిదే ఇంకో మందు, ఫోలినిక్ ఆమ్లం, వెనకాలే ఇస్తారు. ముందు ఆపి తరవాత వదలడం, అంతా గంటల లెక్క.

కాబట్టి "ఆకుకూరలో ఉన్నది కాన్సర్‌ని చంపుతుందా?" అని అడిగితే ఒక్క మాటలో చెప్పడానికి నాకు నోరు రాదు. ఏ పదార్థం, ఎంత, ఏ రూపంలో, ఎవరి ఒంట్లో, ఏ దశలో అన్న ప్రశ్నలు ముందు తేలాలి. ఫోలేట్ తక్కువైనా ముప్పే. అది చాలకపోతే డీఎన్ఏలో ఒక అక్షరం ఉండాల్సిన చోట ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, పోగులు తెగుతాయి, కాన్సర్ మొదలవడానికి అలాంటి చోట దారి దొరకొచ్చు. మరి తక్కువైతే ముప్పు కాబట్టి ఎక్కువ మింగితే రక్షణా? అదీ చూశారు. పెద్దపేగులో కాన్సర్‌కి ముందుమెట్టు లాంటి బుడిపెలు వచ్చి తీయించుకున్న వెయ్యిమంది పైచిలుకు మనుషుల్లో కొందరికి రోజూ ఒక మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం ఇచ్చారు. 2007లో ఫలితం వచ్చింది. బుడిపెలు మళ్ళీ రావడం తగ్గలేదు, పైగా మూడూ అంతకుమించి బుడిపెలు వచ్చినవాళ్ళు మాత్ర వేసుకున్న గుంపులోనే ఎక్కువ. గర్భిణులు కంగారుపడకండి, మీకు ఆ మాత్ర ఇచ్చేది బిడ్డ వెన్నుపాము సరిగ్గా ఏర్పడ్డానికి, రక్తం పట్టడానికి. దాన్ని ఆపకూడదు.

ఇంకో కథ. ఇది బీటా కెరోటిన్ అనే రంగు పదార్థానిది. తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర అన్నిట్లోనూ దండిగా ఉంటుంది. పచ్చదనం కింద దాక్కుంటుంది కాబట్టి క్యారెట్టులో లాగా రంగు బయటపడదు. కూరలూ పళ్ళూ ఎక్కువ తినేవాళ్ళకి ఊపిరితిత్తుల కాన్సర్ తక్కువని చాలా దేశాల్లో గమనించారు. రక్తంలో కెరోటిన్ ఎక్కువున్నవాళ్ళకీ తక్కువే. ఇంకేం, కెరోటిన్ మాత్ర చేసి ఇచ్చేస్తే సరి అనుకున్నారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళని తీసుకుని కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాములు ఇచ్చారు, అయిదారేళ్ళు, కొందరికి ఎనిమిదేళ్ళ దాకా. 1994లో లెక్క తీస్తే మాత్ర వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల కాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో ఇలాంటిదే ఇంకొకటి, పొగతాగేవాళ్ళూ ఆస్బెస్టాస్‌లో పనిచేసినవాళ్ళూ కలిపి 18 వేల మందితో నడుస్తోంది. అక్కడ 28 శాతం ఎక్కువని తేలేసరికి 1996 జనవరిలో అర్ధాంతరంగా ఆపేశారు.

ఫిన్లాండ్ లెక్కల్లోనే ఉన్న ఇంకో సంగతి చాలామంది చెప్పరు. మాత్ర పడని గుంపులో, మామూలు భోజనం ద్వారానే కెరోటిన్ ఎక్కువ అందుతున్నవాళ్ళకి ఊపిరితిత్తుల కాన్సర్ తక్కువే ఉంది. ఒకే పరిశోధన, ఒకే దేశపు మనుషులు, ఒకే పదార్థం. కంచంలో ఉంటే ఒక తీరు, సీసాలో ఉంటే ఇంకో తీరు. బహుశా ఆకులో ఉన్న మిగతా వందల పదార్థాలు కలిసి చేస్తున్న పనికి పేరు ఒక్క కెరోటిన్‌కి వచ్చి ఉంటుంది. లేదా కూరలు తినేవాడు మిగతా విషయాల్లో కూడా జాగ్రత్తగా ఉండే మనిషై ఉంటాడు. రెండూ కొంత కొంత నిజమని నా అభిప్రాయం.

ఆకుకి పచ్చరంగునిచ్చే క్లోరోఫిల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనికీ మన వేరుశెనగకీ చుట్టరికం ఉంది. వేరుశెనగ, మొక్కజొన్న సరిగ్గా ఎండకపోయినా, కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేసినా ఒక రకం బూజు పడుతుంది. అది వదిలే విషం అఫ్లాటాక్సిన్. కాలేయ కాన్సర్ తెస్తుందని తిరుగులేకుండా తేలినవాటిలో ఇదొకటి. అనంతపురం వైపు రైతులకి ఈ బెడద బాగా తెలుసు, పటాన్‌చెరువులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో దీని మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. చైనాలో చిడోంగ్ అనే ప్రాంతం ఉంది, అక్కడ కాలేయ కాన్సర్ చాలా ఎక్కువ. బూజు మొక్కజొన్న తినడం దానికి ఒక పెద్ద కారణం. 1997లో అక్కడ 180 మందిని తీసుకుని సగం మందికి క్లోరోఫిల్లిన్ ఇచ్చారు. అంటే ఆకుపచ్చ రంగు పదార్థాన్ని నీళ్ళలో కరిగేలా మార్చిన మాత్ర, పూటకి 100 మిల్లీగ్రాములు, రోజుకి మూడు పూటలు, నాలుగు నెలలు. అఫ్లాటాక్సిన్ డీఎన్ఏని కరిచినప్పుడు ఊడివచ్చే ఒక తునక మూత్రంలో కనిపిస్తుంది. మాత్ర వేసుకున్నవాళ్ళ మూత్రంలో ఆ తునక 55 శాతం తక్కువ. క్లోరోఫిల్లిన్ పేగులోనే విషాన్ని అంటిపెట్టుకుని బయటికి తీసుకుపోతుందని వివరణ.

బాగుంది కదా. నాకూ బాగా నచ్చిన ప్రయోగమే. కానీ కొలిచింది మూత్రంలో తునకని, కాన్సర్ వచ్చినవాళ్ళని కాదు. ఇంకో మాట కూడా వినండి. అదే చిడోంగ్‌లో జనం మొక్కజొన్న మానేసి బియ్యానికి మారాక వాళ్ళ రక్తంలో అఫ్లాటాక్సిన్ గుర్తులు దాదాపు మాయమయ్యాయి, కాలేయ కాన్సర్ మరణాలూ బాగా దిగివచ్చాయి. విషం తిని విరుగుడు వేసుకోవడం కన్నా విషం తినకపోవడమే గెలిచింది. ఇంట్లో వేరుశెనగ గుళ్ళు నల్లబడినా, ముడుచుకుపోయినా, చేదుగా తగిలినా మొహమాటపడకుండా పారేయండి. బాగు చేసి పచ్చట్లో వేస్తానంటే కుదరదు.

క్యాబేజీ, ఆవాకు, ముల్లంగి ఆకు, ఇవన్నీ ఒకే కుటుంబం. నమిలితే ముక్కుకి ఘాటు తగులుతుంది. పురుగుల్ని తరమడానికి ఆ మొక్కలు రెండు పదార్థాల్ని వేరువేరు అరల్లో దాచుకుంటాయి. ఆకు తెగినప్పుడు ఆ రెండూ కలిసి ఘాటు పుడుతుంది. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలాలే బృందం బ్రకోలీ నుంచి అలాంటిదే సల్ఫొరాఫేన్ తీసింది. ఒంట్లో విషాల్ని విరిచే ఎంజైముల్ని అది లేపుతుందని చూపించింది. మునగ క్యాబేజీకి దూరపు బంధువు, దాని ఆకులోనూ ఈ జాతి పదార్థమే వేరే రకంగా ఉంటుంది. పొయ్యి మీద బాగా ఉడికిస్తే ఆ రెంటిలో ఒకటైన ఎంజైము చచ్చిపోతుంది. తరిగి ఓ అరగంట పక్కన పెట్టి వండితే కొంత దక్కుతుంది.

వీటి మీద "కాన్సర్ కణాలు చనిపోయాయి" అని వచ్చే వార్తలన్నీ దాదాపు గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీదివి. పళ్ళెంలోని కణాల మీద సారాన్ని నేరుగా పోస్తారు. మనం తిన్న మునగాకు కూర అరిగి, కాలేయం దాటి, రక్తంలో కలిసి, గడ్డ దాకా చేరేసరికి అందులో ఎంత మిగులుతుందో ఆలోచించండి. పళ్ళెంలో కాన్సర్ కణాన్ని చంపడం పెద్ద కష్టమేం కాదు, బట్టల సోడా పోసినా చస్తుంది. (నవ్వులు)

మరి మనుషుల మీద మొత్తం సాక్ష్యాన్ని కుప్పపోసి చూసిన పెద్ద నివేదిక ఏమంటోంది? వరల్డ్ కాన్సర్ రీసెర్చ్ ఫండ్‌ది, 2018లో వచ్చింది. పీచు ఉన్న ఆహారం పెద్దపేగు కాన్సర్ ముప్పుని తగ్గించే అవకాశం గట్టిగా ఉందని చెప్పింది. ఫలానా కూర ఫలానా కాన్సర్‌కి అన్న దగ్గర చాలావరకు "సూచన ఉంది, సాక్ష్యం పరిమితం" అని ఆగింది. కాన్సర్ రాకుండా ఉండటానికి విటమిన్ మాత్రల మీద ఆధారపడొద్దని విడిగా రాసింది. నాకైతే ఇది నిజాయితీగల మాట అనిపిస్తుంది. పొగాకు సంగతిలో ఇలాంటి నసుగుడు ఏమీ లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్ళు చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు, అంగిలి కాన్సర్లు వచ్చేవి. ఆ పొగ మానకుండా ఎన్ని కట్టల తోటకూర తింటే మాత్రం ఏం లాభం? గుట్కా, ఖైనీ, వక్క, ఇవీ అంతే.

ఇంత విన్నాక, ఇక ఆకుకూర మానేద్దామా అనకండి. పెద్దవాళ్ళు రోజుకి 100 గ్రాముల ఆకుకూర తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నేను తింటాను, మీరూ తినండి. వండే తీరులో రెండు మాటలు. తోటకూర ఉడికించి ఆకుపచ్చగా దిగిన నీళ్ళు వార్చి పారబోస్తారు కొందరు. ఫోలేట్ నీళ్ళలో కరిగేది, అది ఆ నీళ్ళతోనే తూములోకి పోతుంది. పప్పులోనో పులుసులోనో వేస్తే ఆ నీళ్ళు ఇంట్లోనే ఉంటాయి. కెరోటిన్‌కి నూనె కావాలి, కాబట్టి తాలింపు పెట్టడంలో తప్పేం లేదు. ఆకు తరిగాక కడగొద్దు, కడిగాక తరగండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: మునగాకు పొడి రోజూ రెండు చెంచాలు తాగమని చెప్పారండీ, కాన్సర్ మళ్ళీ రాదని.)

ఎవరు చెప్పారో అడగను. మీకు వైద్యం నడుస్తోందా? కాపెసిటబిన్ అనే కాన్సర్ మాత్రలా? అయితే పొడి సంగతీ, మల్టీవిటమిన్ సంగతీ మీ డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. ఆ మందు వేసుకునేటప్పుడు ఫోలిక్ ఆమ్లం మాత్రలు కలిస్తే విరేచనాలు, నోటి పూత లాంటివి ముదురుతాయి. మునగాకు పప్పు తినడానికి ఎవరూ అడ్డు చెప్పరు. వైద్యం మానేసి పొడి మీద ఉండటం మాత్రం ప్రమాదం. అమెరికాలో నయం చేయగల దశలో ఉండి కూడా ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న 281 మంది లెక్క 2018లో వచ్చింది. మామూలు వైద్యం చేయించుకున్నవాళ్ళతో పోలిస్తే వాళ్ళలో చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము కాన్సర్‌లో అయిదు రెట్లు దాటింది.

(ఇంకొకరు: గుండె ఆపరేషన్ అయింది, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాను. ఆకుకూర మానాలా?)

మీరు వేసుకునేది వార్ఫరినో, అసిట్రోమో అయితే ఆకుకూరలోని విటమిన్ కె దానికి ఎదురు పనిచేస్తుంది. మానక్కర్లేదు, వారం వారం ఒకే కొలతలో తినండి. ఒక వారం అసలు లేకుండా, ఇంకో వారం మూడు పూటలా పాలకూర అంటే రక్తపరీక్ష లెక్క తప్పుతుంది.

(వెనక వరస నుంచి ఒకావిడ: కీళ్ళవాతానికి నాకు మీరు చెప్పిన మెథోట్రెక్సేటే ఇచ్చారమ్మా. ఫోలిక్ ఆసిడ్ కూడా రాశారు. ఒకటి ఆపేది, ఒకటి ఇచ్చేది, రెండూ ఎందుకు? ఆకుకూర తినొచ్చా?)

మంచి ప్రశ్న తల్లీ. కీళ్ళకి ఇచ్చే మోతాదు కాన్సర్ మోతాదులో చాలా చిన్న వంతు. నోటి పూత, వాంతులు రాకుండా ఫోలిక్ ఆమ్లం వేరే రోజున వేసుకోమంటారు. ఆకుకూర హాయిగా తినండి. ఆ మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్క రోజే. మీ చీటీ మీద ఏ వారమని రాసి ఉంది? సోమవారమా? ఇంటికి వెళ్ళగానే మాత్రల డబ్బా మీద పెద్ద అక్షరాలతో "సోమవారం" అని రాసి పెట్టుకోండి. పొరపాటున రోజూ వేసుకుని ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు.